నాలుగు మడతల సందు

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది ఒక తలుపు. ఇంటి తలుపు కాదు, అమ్మ లారీకి డ్రైవర్ పక్కనుండే తలుపు. అది మూసుకోవాలి, అంతే. మేం అడిగింది పెద్ద వరమేం కాదు. కానీ అది మూసుకునేది కాదు, మూసుకున్నట్టు నటించేది.

అమ్మ లారీ అంటే నిజంగా అమ్మ లారీయే. పొడుగు బానెట్టు, దానికి అటూ ఇటూ గుండ్రటి మడ్‌గార్డులు, వెనక ఇద్దరికి సరిపోయి ముగ్గురు ఇరుక్కునే క్యాబిన్ ఉన్న పాతకాలపు చిన్న లారీ అది. అమ్మ దాంట్లో నర్సరీ మొక్కలు వేసుకుని ఊరంతా తిరిగేది. పదకొండేళ్ళ కిందట ఒక మలుపులో ఆ తలుపు దానంతటదే తెరుచుకుంది. అమ్మ రోడ్డు మీద పడి భుజం విరగ్గొట్టుకుంది. "లాకు పాతదైపోయింది" అన్నాడు నాన్న. "అవును, పాతదే" అంది అమ్మ. ఆ సంగతి అక్కడితో అయిపోయింది. మూడు నెలల్లో భుజం అతుక్కుంది గానీ అమ్మ మళ్ళీ స్టీరింగు పట్టలేదు. లారీ మా వాకిట్లో టార్పాలిన్ కప్పుకుని పడుకుంది. అప్పట్నుంచీ అమ్మ ఇంట్లోనే ఉండి, ఇల్లంతటినీ తోలడం మొదలుపెట్టింది.

వేసవి మొదట్లో రవాణా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఏళ్ళ తరబడి రోడ్డెక్కని బళ్ళన్నీ వేసవి ముగిసేలోగా తనిఖీకి రావాలి. లాక్కుని రాకూడదు, నడిచే రావాలి. రాని బళ్ళ నంబర్లు కొట్టేస్తారు, ఆ తరవాత అవి తుక్కే. అమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టింది. పోనీలే అంటుందనుకున్నాను.

"తలుపు ఒక్క తోపుకి మూసుకోవాలి. మూసుకుంటే నేనే తోలుకెళ్తా. లేదంటారా, తుక్కుకి ఇచ్చేయండి. అంతేగానీ తాడేసి కట్టిన తలుపు పక్కన నన్ను కూర్చోబెట్టకండి" అంది.

పదకొండేళ్ళలో అమ్మ తన కోసం కోరిన కోరిక అదొక్కటే. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. నాన్న మాత్రం అప్పటికప్పుడే లేచి వాకిట్లోకి వెళ్ళి టార్పాలిన్ లాగేశాడు.

మా నాన్న వడ్రంగి. ముప్పై ఏళ్ళలో ఆయన బిగించిన తలుపు ఒక్కటి కూడా కిర్రుమనలేదు. ఆ మాట ఊరి కంటే ముందు ఆయనే చెబుతాడు. ఆయన నమ్మేది ఒక్క రసమట్టాన్నే. మూరెడు కర్ర బద్ద, మధ్యలో చిన్న గాజు గొట్టం, అందులో రసం, రసంలో ఒక బుడగ. బుడగ మధ్యలో నిలిస్తే వస్తువు మట్టంగా ఉన్నట్టు. బుడగ అటో ఇటో జరిగిందా, ఇంటాయన వచ్చి బతిమాలినా నాన్న మేకు దించడు. హోటల్లో బల్ల కదిలితే టీ తాగడం మానేసి బల్ల కాలు కింద చెక్కముక్క పెట్టొచ్చే మనిషి.

ఇంజను పని మెకానిక్కు రెండు వారాల్లో తేల్చేశాడు. తుప్పు తిన్న చోట్లన్నీ మా పక్కింటి వెల్డర్ బాబాయి కోసి కొత్త రేకు అతికాడు. ఇక మిగిలింది విప్పిన రేకులన్నీ మళ్ళీ ఎక్కించడం. తలుపులు, మడ్‌గార్డులు, బానెట్టు. "ఇదేముంది, మా పనే కదా, నాలుగు రోజులు" అన్నాడు నాన్న.

నాలుగు వారాలైంది.

నేను దర్జీని. నా మిషను ముందుగదిలో కిటికీ పక్కనే ఉంటుంది, కిటికీ తెరిస్తే వాకిలి. అందుకని ఆ నాలుగు వారాల నాటకం మొదటి వరసలో కూర్చుని చూశాను. రోజూ ఒకటే ఆట. నాన్న తలుపు బందులు వదులు చేస్తాడు. తలుపు మీద రసమట్టం పెడతాడు. బుడగని మధ్యలోకి తెస్తాడు. బందులు బిగిస్తాడు. తలుపు వేస్తాడు. అది 'టక్' అంటుంది, కొంచెం ఆగి 'టిక్' అంటుంది, తరవాత మెల్లగా వేలెడు బయటికి వచ్చి నిలబడుతుంది.

"అన్నా, అది నిన్ను చూసి నాలుక బయటపెడుతోంది" అనేవాడు బాబాయి.

"నువ్వు అతికిన రేకే వంకర" అనేవాడు నాన్న.

"నా రేకు వంకరైతే ఆ పక్క తలుపు కూడా అలాగే ఎందుకుందన్నా? అది నేను ముట్టుకోనే లేదుగా."

నాన్న బీడీ వెలిగించేవాడు. తలుపు సరిగ్గా లేదు కాబట్టి మడ్‌గార్డు తలుపుకి కుదరలేదు. మడ్‌గార్డు కుదరలేదు కాబట్టి బానెట్టు దిగితే ఒక మూల పైకి లేచి, ఇంకో మూల మడ్‌గార్డు మీదకెక్కి కూర్చునేది. లారీ మొత్తం పక్కవాడి చొక్కా తొడుక్కున్నట్టుండేది. దారినపోయేవాళ్ళు గేటు దగ్గర ఆగి సలహాలిచ్చి వెళ్ళేవాళ్ళు. అమ్మ మాత్రం వాకిట్లోకి రాలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయేది.

తనిఖీ గడువుకి పన్నెండు రోజులుందనగా నాన్న తీర్పు చెప్పేశాడు. "తలుపు తప్పు కాదు. క్యాబినే వంకర. రేపు పొద్దున ఈ స్తంభం అడుగున కోసి, వెనక్కి వంచి, మళ్ళీ అతుకుదాం."

స్తంభం అంటే తలుపు వెనకుండే నిలువు పట్టీ, తలుపు లాకు వెళ్ళి పట్టుకునేది దాన్నే. బాబాయి తలగోక్కున్నాడు. "అన్నా, అది కోస్తే ఇంక వెనక్కి రాదు. మొత్తం క్యాబిన్ పోయినా పోతుంది."

"బుడగ మధ్యలో ఉందా లేదా? ఉంది. అంటే తలుపు కరెక్టు. తలుపు కరెక్టయితే తప్పెక్కడుంది?" నాన్న గొంతు పెరిగింది. ముక్కు మీద కోపం ఆయనకి ఎప్పుడూ ఉన్నదే గానీ, ఆ రోజు కోపం కింద భయం కూడా ఉంది. అది నాకు వినిపించింది.

మర్నాడు పొద్దున నేను చారల గుడ్డతో చొక్కా కోస్తున్నాను. చారల గుడ్డ దర్జీకి పరీక్ష. జేబు చార చొక్కా చారలో కలిసిపోవాలి, భుజం దగ్గర ముందు చార వెనక చారని అందుకోవాలి. ఒక్క నూలు జరిగినా తొడుక్కున్నవాడికి తెలీకపోవచ్చు గానీ చూసేవాడి కన్ను అక్కడే పడుతుంది. జేబు పెట్టి చూసుకుంటూ తలెత్తేసరికి కిటికీలోంచి లారీ కనబడింది. లారీకి కూడా ఒక చార ఉంది. బానెట్టు పక్కనుంచి మొదలై, తలుపు మీదుగా, క్యాబిన్ వెనక దాకా రేకులో నొక్కిన ఒక మడత గీత. క్యాబిన్ మీద అది ఒక దారి పట్టింది. తలుపు మీద ఇంకో దారి. తలుపు వెనక కొసకి వచ్చేసరికి తలుపు గీత క్యాబిన్ గీత కంటే వేలెడు కిందుంది.

కత్తెర పక్కన పడేసి సుద్దముక్క పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాను. బాబాయి అప్పటికే కోసే మిషను తీగ లాగుతున్నాడు.

"బాబాయ్, ఒక్క నిమిషం ఆగు. నాన్నా, చార కలవలేదు చూడు."

"చారేమిటే, చొక్కానా ఇది?"

గీతల మీద సుద్దతో గీసి చూపించాను. "తలుపు వెనక కొస దిగిపోయింది. అందుకే పైన వేలు దూరుతోంది, కింద రాసుకుంటోంది. స్తంభం కాదు జరగాల్సింది, తలుపు లేవాలి."

నాన్న రసమట్టం తెచ్చి తలుపు మీద పెట్టాడు. బుడగ బుద్ధిగా మధ్యలో నిలబడింది. "చూశావా?" అన్నాడు.

"అది ఇలా ఇవ్వు" అని అడిగి తీసుకుని, తలుపు తెరిచి, క్యాబిన్ గడప మీద పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు నాకే సరిగ్గా తెలీదు. ఒక ముక్క కొలిచినప్పుడు రెండో ముక్క కూడా కొలవాలి కదా, అంతే. బుడగ వెనక్కి పరుగెత్తి గొట్టం చివర ఆగింది.

నాన్న వంగి చూశాడు. బద్ద తిప్పి పెట్టాడు. బుడగ మళ్ళీ వెనక్కే వెళ్ళింది. అప్పుడు ఆయన రసమట్టాన్ని గచ్చు మీద, లారీ చక్రాల పక్కన పెట్టాడు. అక్కడా అంతే.

మా వాకిలి గచ్చు గేటు వైపు వాలుగా ఉంటుంది. వాన నీళ్ళు ఇంట్లోకి రాకుండా బయటికి పోవాలని అలా పోయించారు. పోయించింది నాన్నే. లారీ మూతి గేటు వైపు వంగి నిలబడి ఉంటే, ఆయన తలుపుని మాత్రం భూమికి మట్టంగా బిగిస్తూ వచ్చాడు. ఇంటి తలుపులు అలాగే బిగిస్తారు మరి. ముప్పై ఏళ్ళలో వాలిపోయిన ఇంటికి తలుపు పెట్టమని ఆయన్ని ఎవరూ పిలవలేదు.

బాబాయికి నవ్వొచ్చింది. నోరు తెరిచాడు కూడా. నాన్న ముఖం చూసి మూసేశాడు. ఎందుకంటే నాన్న నవ్వే స్థితిలో లేడు. ఆయన చూస్తున్నది ఈ వేసవిని కాదు. పదకొండేళ్ళ కిందట, అమ్మ పడిపోవడానికి రెండు వారాల ముందు, ఇదే వాకిట్లో, ఇదే రసమట్టంతో, ఆ తలుపు విప్పి మళ్ళీ బిగించింది ఆయనే. అది నాకూ అప్పుడే గుర్తొచ్చింది. నోరు మూసుకుని చొక్కా కుట్టుకుంటే పోయేది కదా అనిపించింది.

"తీగ చుట్టేయ్" అన్నాడు నాన్న బాబాయితో. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.

అమ్మ నేల మీద కూర్చుని బీన్స్ తరుగుతోంది. నాన్న ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేను గుమ్మంలో ఆగిపోయాను. ఆయన గబగబా అనేశాడు.

"లాకు పాతది కాదు. తలుపు నేను తప్పు బిగించాను. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. అప్పుడు లాకు సగమే పట్టుకుని ఉంటుంది. నువ్వు పడింది నా వల్ల."

కత్తిపీట మీద అమ్మ చెయ్యి ఆగలేదు. ఇంకో రెండు బీన్స్ తరిగింది.

"ఆ లాకు కొత్తది వేయించి అప్పటికి నెల కూడా కాలేదయ్యా" అంది.

నాన్న నోరు తెరుచుకుని చూశాడు. "మరి పాతదే అన్నావు?"

"నువ్వన్నావని నేనూ అన్నాను. నా భుజం నెప్పి నాకుంది, పైన నీ ఏడుపు కూడా ఎవరు వింటారు అప్పుడు?" బీన్స్ గిన్నెలోకి దులిపింది. "ఎలాగైతేనేం, ఇప్పటికి తెలిసింది కదా ఎక్కడ తప్పో. ఎండ తగ్గాక మొదలుపెట్టండి. నేనూ వస్తా."

నాన్న రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. నేను వెనక్కి తిరిగి మిషను దగ్గరికి వెళ్ళి, సూది కింద గుడ్డ పెట్టకుండానే కాసేపు చక్రం తిప్పుతూ కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. అమ్మని చూసి వచ్చిందో, నాన్నని చూసి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

సాయంత్రం వాకిట్లో నలుగురం నిలబడ్డాం. నాన్న పానా నా వైపు చాచాడు. "నువ్వు చెప్పు, ఎలా చేద్దాం?"

మా నాన్న ఎవర్నైనా అలా అడగడం నేను చూడటం అదే మొదటిసారి. పానా తీసుకోలేదు. "నువ్వే తిప్పాలి, నాకు చేతకాదు. కానీ ఒక్కటీ గట్టిగా బిగించొద్దు. అన్ని బోల్టులూ కచ్చా కుట్లలాగా ఉంచు. ముందు టాకాలేసి, తొడిగి చూసి, అప్పుడే మిషను కుట్టు."

"మట్టం?"

"మట్టం లేదు. క్యాబిన్ ఎలా ఉంటే తలుపు అలా. తలుపు ఎలా ఉంటే మడ్‌గార్డు అలా. పక్కవాడి చార కలవాలి, అంతే."

మరి సందు ఎంత ఉండాలి? దానికి నా దగ్గర కొలబద్ద ఉంది. కాలర్ నిలబడటానికి లోపల వేసే బక్రం గుడ్డ. గట్టిగా ఉంటుంది, నలగదు. నాలుగు మడతలు పెడితే సరిగ్గా చిటికెన వేలి గోరంత మందం. ఆ పట్టీలు పది కత్తిరించాను. తలుపు చుట్టూ సందులో పెట్టి చూడాలి. పట్టీ బిగుసుకుంటే సందు చాలదు, జారి పడితే సందు ఎక్కువ, లాగితే బట్టలోంచి సూది వచ్చినట్టు వస్తే సరి.

చెప్పినంత తేలిగ్గా జరిగిందనుకునేరు. మొదటిరోజు తల ప్రాణం తోకకొచ్చింది. వదులుగా ఉన్నప్పుడు అందంగా కూర్చున్న తలుపు, బిగించగానే ఒక నూలుపోగంత దిగేది. మళ్ళీ విప్పడం, మళ్ళీ ఎత్తడం. చివరికి కిటుకు అమ్మ పట్టింది. తలుపు బరువు తన తొడ మీద మోస్తూ, "దిగుతుందని తెలుసుగా, ఆ దిగేదేదో ముందే పైకి పెట్టి బిగించండి" అంది. పై బందు దగ్గర ముందుకి, కింది బందు దగ్గర వెనక్కి, ఒక పోగు పైకి. ఒక్కో బోల్టుకీ పావు తిప్పు, ఒకదాని తరవాత ఒకటి, మళ్ళీ మొదటికొచ్చి ఇంకో పావు. నాన్న ప్రతి పావు తిప్పుకీ ఆగి నా ముఖం చూసేవాడు. నేను పట్టీ లాగి తలూపేదాన్ని.

"వదినా, భుజం జాగ్రత్త" అన్నాడు బాబాయి.

"భుజం సంగతి భుజం చూసుకుంటుంది, నువ్వా లైటు ఇటు పట్టు" అంది అమ్మ.

నాలుగోరోజు సాయంత్రం ఆఖరి బోల్టు బిగిసింది. పట్టీలన్నీ తీసేశాను. తలుపు బార్లా తెరిచి పక్కకి తప్పుకున్నాం. ఎవరూ చెప్పకుండానే అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఒక్క వేలితో తలుపుని తోసింది.

'టప్.'

ఒక్కటే చప్పుడు. రెండోది రాలేదు. మేం రెండో చప్పుడు కోసం ఎదురుచూస్తూ అలాగే నిలబడిపోయాం. రాలేదు. నాన్న చేతిలో పానా గచ్చు మీద పడింది. బాబాయి ఈల వేశాడు. నేను ఎగిరి గంతేశానని అంటారు, నాకు గుర్తులేదు. అమ్మ తలుపు తీసి మళ్ళీ వేసింది. మళ్ళీ తీసి మళ్ళీ వేసింది. పన్నెండుసార్లు వేసిందని బాబాయి లెక్క. "ఇంక చాల్లే, అరిగిపోతుంది" అని నాన్న అన్నదాకా ఆపలేదు.

ఆ తరవాత మిగతా రేకులు కుక్కపిల్లల్లా వెంటవచ్చాయి. రెండో తలుపు ఒక్కరోజు. మడ్‌గార్డులు చెరో పూట. బానెట్టు బాబాయి, నాన్న చెరో పక్కా ఎత్తి దించితే, రెండు మడ్‌గార్డుల మధ్యా నాలుగు మడతల సందుతో వెళ్ళి కూర్చుంది. లారీ మూతి దగ్గర నిలబడి చూస్తే గీత ఒక్క దారంలా వెనక్కి పోయింది. నాకు గర్వంతో కడుపు నిండిపోయింది. ఇంత మంచి కుట్టు నేను గుడ్డ మీద కూడా వేసి ఉండను.

గడువుకి ఒక్కరోజు ముందు అమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. మధ్యలో నాన్న, ఇటు తలుపు పక్కన నేను. వీధి చివర దాకా నాన్న రెండు చేతులూ ముందు బల్ల మీదే ఉన్నాయి.

"నెమ్మది" అన్నాడు.

"దిగుతావా?" అంది అమ్మ, గేరు మారుస్తూ.



తనిఖీ చేసే ఆయన కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని లారీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. లైట్లు, బ్రేకులు, హారను. తరవాత డ్రైవర్ తలుపు తీసి వేశాడు. ఆగాడు. మళ్ళీ తీసి వేశాడు. సందు వెంట గోరుతో పైనుంచి కిందికి రాసుకుంటూ వచ్చాడు.

"ఏ షెడ్డులో చేయించారు?" అని నాన్నని అడిగాడు.

మా నాన్న ముప్పై ఏళ్ళుగా ఇలాంటి ప్రశ్న కోసమే బతికాడు. జవాబు కూడా ఆయన నాలుక చివరే ఉంటుంది. ఆ రోజు మాత్రం నన్ను చెయ్యి పట్టుకుని ముందుకి లాగాడు.

"షెడ్డు కాదు సార్. మా అమ్మాయి దర్జీ. ఇది తను కుట్టింది. నేను దారం పట్టుకున్నా, అంతే."

ఆయనకి అర్థం కాలేదు. అయినా నవ్వి, కాగితం మీద ముద్ర కొట్టాడు. "మరి తోలుకెళ్ళేది మీరేనా?" అని నాన్నని అడుగుతుండగానే క్యాబిన్‌లోంచి హారన్ మోగింది. తనిఖీ ఆయన ఉలిక్కిపడి పక్కకి జరిగాడు.

వారం తిరక్కుండానే నర్సరీ వాళ్ళు లోడు ఇచ్చారు. పొద్దున్నే అమ్మ వెళ్ళిపోయాక ఇల్లు విచిత్రంగా ఉంది. తిట్టేవాళ్ళు లేరు. నాన్న టీ పెట్టాడు, పాకంలా వచ్చింది, ఇద్దరం గుటకలేసుకుంటూ తాగాం. ఆ రోజంతా ఆయన పని పనిలా చెయ్యలేదు. అమ్మ వెళ్ళిన దారిలోనే ఆ మలుపుంది. పగలు మూడుసార్లు గేటు దాకా వెళ్ళొచ్చాడు. నేనూ వెళ్ళాను, కాకపోతే ఆయన చూడనప్పుడు.

సాయంత్రం లారీ వచ్చి ఆగింది. వెనక ఖాళీ తొట్టెలో నాలుగు ఎండుటాకులు తప్ప ఏమీ లేదు. అమ్మ దిగి, తలుపు వెనక్కి చూడకుండా తోసేసి, ముఖం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి నడిచింది. నాన్న వెనకాలే వెళ్ళాడు.

"ఎలా ఉంది?"

"క్లచ్ కొంచెం గట్టిగా ఉంది. రేపు రెండు లోడ్లట, పెందరాళే లేపండి."

"అది కాదు. మలుపు దగ్గర..." నాన్న నసిగాడు. "మలుపు దగ్గర ఏమైంది?"

అమ్మ దోసిట్లో నీళ్ళతో ఆగి ఆయన వైపు చూసింది.

"ఏ మలుపు?" అంది.